పూర్వ విద్యార్థుల సమావేశం ఉద్యోగానికి దారి చూపాలంటే

డిసెంబరు చివరి వారం నుంచి సంక్రాంతి దాకా మన రెండు రాష్ట్రాల్లో కాలేజీలు పాత విద్యార్థులతో కళకళలాడతాయి. అమెరికా నుంచి సెలవులకు వచ్చినవాళ్లు, హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల నుంచి పండక్కి ఊరొచ్చినవాళ్లు, ఊళ్లోనే ఉండి ఏర్పాట్లన్నీ నెత్తినేసుకున్నవాళ్లు ఒకచోట చేరతారు. జ్యోతి ప్రజ్వలన, గురువులకు సన్మానం, గ్రూప్ ఫొటో, భోజనాలు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు నిండా ఫొటోలే. ఆ పూట ఆనందం నిజమైనదే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

అయితే ఈ మధ్య ఆహ్వానపత్రాల్లో ఇంకో మాట కూడా కనిపిస్తోంది: ‘విద్యార్థులకు కెరీర్ మార్గదర్శనం’. ఎక్కువచోట్ల అది కాగితం దాటి రావడం లేదు. వెనక వరుసల్లో కూర్చోబెట్టిన థర్డియర్ పిల్లలు పొద్దున్నుంచీ ఉపన్యాసాలు విని, ఒక్క సీనియర్‌తో కూడా నోరు విప్పకుండానే హాస్టల్‌కు వెళ్లిపోతారు. పిల్లలకు ఆసక్తి లేక కాదు, వచ్చిన పెద్దలకు సాయం చేసే మనసు లేకా కాదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట కలిపే పని ఎవరిదో ఎవరూ తేల్చుకోలేదు, అంతే. ఆ పని సమావేశం రోజున వేదిక మీద జరిగేది కాదు. దాదాపు అంతా ముందే, పేర్ల జాబితాల దగ్గర కూర్చుని చేయాల్సింది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఇంట్లో ఉద్యోగస్థులున్న పిల్లలకు కాలేజీ పరిచయాలు లేకపోయినా గడిచిపోతుంది. మేనమామ హైటెక్ సిటీలో ఉంటాడు, నాన్న స్నేహితుడి కొడుకు రెజ్యూమే చూసిపెడతాడు, పెళ్లిలో కలిసిన బాబాయి ‘మా కంపెనీలో తీసుకుంటున్నారు, పంపించు’ అంటాడు. చుట్టరికం, కులం, ఊరు అనే మూడు దారుల్లో మన దగ్గర ఉద్యోగాల కబుర్లు ప్రవహిస్తాయి. కౌలు రైతు కూతురికి, ఆటో నడిపే తండ్రి కొడుక్కి ఆ మూడు దారుల్లోనూ ఆఫీసులో పనిచేసే మనిషి ఎదురుకాకపోవచ్చు. వాళ్లింట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్లే. పుట్టుకతో సంబంధం లేకుండా అలాంటి పిల్లలకు దొరికే పరిచయం ఒక్కటే, అదే కాలేజీలో చదివిన సీనియర్. కాబట్టి సమావేశం ఎలా ఉండాలో ఆలోచించేటప్పుడు, మైకు దొరికితే చాలు చురుగ్గా ప్రశ్నలడిగే కుర్రాడి కోసం కాకుండా, చెయ్యెత్తడానికి మొహమాటపడే పిల్ల కోసం ఆలోచించాలని నా పట్టుదల.

దూరపు పరిచయం చేసే మేలు

మనకు ఉద్యోగం చూసిపెట్టేది ఆప్తమిత్రులేనని అనుకుంటాం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. బోస్టన్ దగ్గరి న్యూటన్ అనే ఊళ్లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించుకున్న వాళ్లను ఆయన ఒకటే అడిగాడు: ఆ కబురు చెప్పిన మనిషిని ఆ రోజుల్లో మీరు ఎంత తరచుగా కలుస్తుండేవారు? వారానికి రెండుసార్లో అంతకన్నా ఎక్కువో కలిసేవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికింది 16.7 శాతం మందికే. అప్పుడప్పుడూ కలిసేవాళ్ల ద్వారా దొరికింది 55.6 శాతం మందికి. ఏడాదికోసారి కూడా కలుస్తారో లేదో అన్నంత దూరపు పరిచయస్థుల ద్వారా దొరికింది 27.8 శాతం మందికి. అడిగింది కొద్దిమందినే అయినా, కారణం ఆలోచిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. రోజూ కలిసే స్నేహితులకు తెలిసిన సంగతులు మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు రావాలంటే వేరే ఆఫీసుల్లో, వేరే ఊళ్లలో తిరిగే మనిషి కావాలి. అలాంటి పరిచయాలకు గ్రానొవెటర్ ఇచ్చిన ఉదాహరణల్లో పాత కాలేజీ స్నేహితుడు కూడా ఉన్నాడు.

2022లో లింక్డిన్ సమాచారంతో జరిగిన భారీ అధ్యయనం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అయిదేళ్ల కాలం, రెండు కోట్ల మందికి పైగా సభ్యులు. ఉద్యోగం మారడానికి ఎక్కువగా ఉపయోగపడింది మధ్యస్థంగా ఉన్న పరిచయాలని అందులో తేలింది. మరీ దగ్గరివాళ్ల వల్ల కొత్త కబురు రాదు. బొత్తిగా ముక్కూమొహం తెలియనివాళ్లు మన కోసం కదలరు. ఒకే కాలేజీలో, ఒకే ల్యాబుల్లో, ఒకే మెస్సులో వేర్వేరు ఏళ్లలో గడిపిన ఇద్దరు సరిగ్గా ఆ మధ్య దూరంలో ఉంటారు.

మరి అందర్నీ ఒక హాల్లోకి పిలిచి వదిలేస్తే వాళ్లంతట వాళ్లే కలుస్తారా? కలవరు. న్యూయార్క్‌లోని కొలంబియా బిజినెస్ స్కూల్‌లో పాల్ ఇన్‌గ్రామ్, మైఖేల్ మోరిస్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. వ్యాపార రంగంలో పనిచేస్తున్న సుమారు వంద మందిని ఒక సాయంకాలపు విందుకు పిలిచి, ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో నమోదు చేసే ఎలక్ట్రానిక్ బ్యాడ్జీలు తగిలించారు. కొత్తవాళ్లను కలవడానికే వస్తున్నామని విందుకు ముందు వాళ్లలో చాలామంది చెప్పారు. తీరా అక్కడికొచ్చాక అంతకుముందే తెలిసినవాళ్లతోనే ఎక్కువ సేపు గడిపారు. నలుగురితో మాట్లాడటమే వృత్తిగా ఉన్న వాళ్ల పరిస్థితే అది. ఇరవై ఏళ్ల తర్వాత రూమ్మేటును చూసిన సంతోషంలో ఉన్న మనిషి, గోడవారగా నిలబడ్డ కుర్రాణ్ణి తనంతట తాను పలకరిస్తాడని ఆశించడం న్యాయం కాదు. అతను రూమ్మేటుతో మాట్లాడటానికే వచ్చాడు, మాట్లాడుకోనివ్వాలి.

అందుకే పాత జ్ఞాపకాల సమ్మేళనాన్నీ ఉద్యోగాల ముచ్చటనూ విడదీయాలి. ఒకే రోజు జరిపినా పూటలు వేరు కావాలి. పొద్దున పిల్లలతో, మధ్యాహ్నం నుంచి మిత్రులతో. ఈ క్రమం తిరగబడితే పొద్దున మొదలైన కబుర్లు సాయంత్రం దాకా తెగవు.

రిఫరల్ ఎందుకు ఇవ్వరు

కంపెనీలో పనిచేసేవాళ్లు తెలిసినవాళ్ల పేరును అక్కడి ఉద్యోగానికి సిఫారసు చేయడమే రిఫరల్. దాని కోసం అడిగే పిల్లల వైపు నుంచి ఎప్పుడూ వినపడే ఫిర్యాదు ఒకటుంది: ‘మెసేజ్ పెట్టాను, బ్లూ టిక్ పడింది, జవాబు లేదు.’ దీన్ని అవతలి వైపు నుంచి కూడా చూడాలి. కంపెనీ లోపలి పోర్టల్‌లో ఒకరిని రిఫర్ చేసేటప్పుడు చాలాచోట్ల రెండు ప్రశ్నలుంటాయి: ఈ అభ్యర్థి మీకెలా తెలుసు? ఈ పనికి ఎలా తగినవాడు? ముఖం కూడా చూడని జూనియర్ గురించి ఏమని రాయాలి? నాలుగైదు రెజ్యూమేలు ఊరికే పంపిస్తే ఆ తర్వాత తన మాటకు రిక్రూటర్ దగ్గర విలువ పోతుందని సీనియర్‌కు భయం. ఉద్యోగం వచ్చేస్తుందని పిల్లలు అనుకుంటారు గానీ, రిఫరల్ వల్ల జరిగేది సాధారణంగా ఒక్కటే. వందల అప్లికేషన్ల మధ్య ఆ రెజ్యూమేను ఒక మనిషి తెరిచి చదివే అవకాశం పెరుగుతుంది. ఆ తర్వాత రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఎవరివి వారివే.

కాబట్టి సమావేశం ఇవ్వాల్సింది ఆ సీనియర్ నిజాయతీగా రెండు వాక్యాలు రాయగలిగేంత పరిచయం. ‘ఈ అమ్మాయితో ఇరవై నిమిషాలు మాట్లాడాను, తను చేసిన ప్రాజెక్టు చూశాను, అడిగినదానికి తడుముకోకుండా చెప్పింది’ అని రాయగలగాలి. వేదిక మీంచి గంటసేపు ఉపన్యాసం ఇచ్చిన మనిషికి ఆ అవకాశం ఉండదు. అంతసేపూ ఆయన మాట్లాడాడు, పిల్లలెవరూ మాట్లాడలేదు.

ఎవరిని పిలవాలి

పిలుపుల జాబితా రాయడానికి కూర్చోగానే అందరికీ ముందు గుర్తొచ్చేది పెద్ద పేర్లు. అమెరికాలో డైరెక్టర్, ఐఏఎస్ అధికారి, కంపెనీ పెట్టిన వ్యాపారి. వాళ్లు రావాలి, వాళ్లను చూస్తే పిల్లలకు ధైర్యం వస్తుంది. కానీ పాతికేళ్ల కిందట ఉద్యోగంలో చేరినాయనకు ఇవాళ ఫ్రెషర్లను ఏ పరీక్షతో వడపోస్తున్నారో తెలియకపోవచ్చు. అది తెలిసింది మూడు నుంచి అయిదేళ్ల కిందట బయటికెళ్లినవాళ్లకు. ఏ కోర్సుకు డబ్బు తగలేశారో, ఏది యూట్యూబ్‌లోనే నేర్చుకున్నారో, బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉన్నప్పుడు ఎలా నెట్టుకొచ్చారో వాళ్లు పూసగుచ్చినట్టు చెప్పగలరు. ఒక్కో బల్ల దగ్గర ఇద్దరు ఉండాలి: మనుషుల్ని తీసుకునే స్థాయిలో ఉన్న పెద్ద ఒకరు, మొన్నమొన్న చేరినవాళ్లొకరు.

కాలేజీ వయసును బట్టి కూడా చిక్కులు మారతాయి. 1918లో మొదలైన ఉస్మానియాకో, 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయానికో తరతరాల పూర్వ విద్యార్థులున్నారు. అలాంటిచోట వేదికంతా పెద్దవాళ్లతోనే నిండిపోయి, నిన్నటి బ్యాచ్‌లు ప్రేక్షకులుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అవి 2008లో మొదలయ్యాయి. పదో తరగతి తర్వాత ఆరేళ్ల చదువు కాబట్టి మొదటి బ్యాచ్ బయటికొచ్చింది 2014లో. పల్లెటూరి బడుల నుంచి నేరుగా వచ్చిన పిల్లలే వాళ్లలో ఎక్కువ. ఇలాంటి కొత్త సంస్థల్లో ‘నేనేమంత పెద్దవాణ్ణయ్యానని వచ్చి చెప్పను’ అని సీనియర్లు వెనక్కి తగ్గుతారు. నిజానికి ఇప్పుడు చదువుతున్న పిల్లలకు అందరికన్నా ఎక్కువ పనికొచ్చేది వాళ్లే. అందరికీ కలిపి పెట్టే వాట్సాప్ మెసేజ్‌తో వాళ్లు రారు. బ్యాచ్‌మేటు ఎవరైనా ఫోన్ చేసి, ‘రా, నువ్వొచ్చి నీ సంగతి చెప్తే చాలు’ అనాలి.

జిల్లా కేంద్రాల్లోని డిగ్రీ కాలేజీల సంగతి విడిగా చెప్పాలి. బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలకు డాలస్‌లోని సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు కన్నా, పరవాడ ఫార్మా సిటీలోనో పాశమైలారంలోనో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్న సీనియర్ ఎన్నో రెట్లు ఎక్కువ పనికొస్తాడు. మందుల్లోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద ఎంత చెయ్యి తిరగాలి, రాత్రి షిఫ్టులు ఎలా ఉంటాయి, కంపెనీ బస్సు ఎక్కడిదాకా వస్తుంది, అమ్మాయిలకు ఏ విభాగాల్లో అవకాశాలున్నాయి, మొదటి జీతం చేతికెంత వస్తుంది అన్నవి అతనికి తెలుసు. అలాగే కరెంటు పంపిణీ సంస్థ (డిస్కమ్)లో అసిస్టెంట్ ఇంజినీరు, బ్యాంకు క్లర్కు, గ్రూప్-2 రాసి డిప్యూటీ తహశీల్దారైన అక్క, ఊళ్లో డయాగ్నొస్టిక్ సెంటర్ నడుపుతున్న అన్న. వీళ్లు గంట దూరంలో ఉంటారు. ఎవరూ పిలవరు కాబట్టి రారు. కమిటీలో నాకు ఓటుంటే జాబితాలో సగం పేర్లు ఇలాంటివాళ్లవే ఉంచమంటాను.

రాలేనివాళ్ల గురించి

పూర్వ విద్యార్థులంటే సాయం చేసేవాళ్లు, విద్యార్థులంటే సాయం పొందేవాళ్లు అని విడగొట్టుకోవడం వల్ల పెద్ద నష్టం జరుగుతోంది. నలభై దాటాక ఉద్యోగం పోయినవాళ్లున్నారు. పిల్లల కోసం ఆరేడేళ్లు ఇంటిపట్టున ఉండి, మళ్లీ పనిలో చేరాలని చూస్తున్న ఆడవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉండగా ఉద్యోగం పోతే, కొత్త ఉద్యోగమో ఇంకో వీసా దారో వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ ఉండే గడువు 60 రోజులు. అలాంటి సమయంలో కాలేజీ పరిచయాలు ఎంత అవసరమో వేరే చెప్పాలా? కానీ సరిగ్గా అప్పుడే వాళ్లు గ్రూపులో మౌనంగా ఉండిపోతారు, సమావేశానికి ముఖం చాటేస్తారు. ఎందుకంటే గేటు దగ్గర ఎదురయ్యే మొదటి ప్రశ్నే ‘ఇప్పుడెక్కడ చేస్తున్నావ్?’

ఈ బెరుకును కొంతైనా తగ్గించడం నిర్వాహకుల చేతిలో ఉంది. రిజిస్ట్రేషన్ ఫారంలో కంపెనీ, హోదా తప్పనిసరిగా నింపాలని పెట్టొద్దు. వాటి బదులు రెండు ప్రశ్నలు చాలు: ‘మీరు ఏ విషయంలో చెప్పగలరు? మీకు ఏ విషయంలో సాయం కావాలి?’ రెండోది అందరినీ అడగాలి, వైస్ ప్రెసిడెంటుని కూడా. అందరూ ఏదో ఒకటి అడుగుతున్నారని తెలిస్తే అడగడం చిన్నతనం అనిపించదు. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులు నిర్వాహకుల్లో ఒకరిద్దరి దగ్గరే ఉండాలి, గ్రూపులోకి వెళ్లకూడదు. ఒక బ్యాచ్ మహిళలంతా కలిసి కెరీర్ విరామం తర్వాత తిరిగి చేరడం గురించి ఒక బల్ల పెట్టుకుంటే, ఆ బల్ల దగ్గర ఇప్పటికే తిరిగి చేరిన ఒక్క అక్క ఉన్నా చాలు. అన్నేళ్ల విరామాన్ని రెజ్యూమేలో ఎలా రాసిందో, ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పిందో అనుభవం మీద చెబుతుంది.

బ్యాడ్జీ మీద కూడా హోదా రాయకండి. పేరు తెలుగులో పెద్దగా, కింద బ్యాచ్, బ్రాంచి, సొంత మండలం. ఆ కింద ‘నన్ను వీటి గురించి అడగండి’ అని రెండు మాటలు: మెడికల్ కోడింగ్, బ్యాంకు పరీక్షలు. లేదా సోలార్ ప్యానెళ్లు, సొంత వ్యాపారానికి లోన్లు. మండలం పేరు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ‘మీదీ పామర్రేనా అన్నా?’ అన్న ఒక్క మాటతో సగం మొహమాటం ఎగిరిపోతుంది.

తేదీ, వేళ

డిసెంబరు రెండో సగంలో విదేశాల వాళ్లు దొరుకుతారు. ఆంధ్రలో అయితే సంక్రాంతికి, తెలంగాణలో అయితే దసరాకు పక్క రాష్ట్రాలవాళ్లు దొరుకుతారు. భోగి నుంచి కనుమ దాకా మూడు రోజులూ వదిలేయాలి. కనుమ నాడు కాకైనా కదలదంటారు, అల్లుళ్లు అసలే కదలరు. పండక్కి ముందు వచ్చే శనివారమో ఆదివారమో మేలు. యూనివర్సిటీ పరీక్షల తేదీలు ముందే చూసుకోవాలి. చాలా కాలేజీల్లో ఫైనలియర్ వాళ్లకు క్యాంపస్ డ్రైవ్‌లు జులై, ఆగస్టుల్లోనే మొదలైపోతాయి కాబట్టి, జనవరి సమావేశం థర్డియర్ వాళ్ల కోసమని స్పష్టంగా అనుకోవాలి. వాళ్లకు సరిదిద్దుకోవడానికి ఆరు నెలలు చేతిలో ఉంటాయి. ఇంకా ఉద్యోగం రాని ఫైనలియర్ వాళ్లకు కావాల్సింది వేరు, కాలేజీ బయట సొంతంగా ఉద్యోగం వెతుక్కునే (ఆఫ్ క్యాంపస్) దారులు తెలిసిన సీనియర్లతో విడిగా కూర్చోబెట్టాలి.

రాలేని విదేశీ మిత్రులతో ఆన్‌లైన్‌లో మాట్లాడించాలంటే, జనవరిలో మన రాత్రి 7:30 గంటలకు న్యూజెర్సీలో ఉదయం 9, డాలస్‌లో 8, కాలిఫోర్నియాలో 6. శనివారం అయితే ఆ వేళకు తూర్పు తీరం వాళ్లు హాయిగా కూర్చుంటారు. నూటయాభై మందిని ఒకే స్క్రీన్ మీదికి ఎక్కించే కన్నా, ఒక్కొక్కరికి అయిదుగురు పిల్లల చొప్పున విడి కాల్స్ పెట్టడం మంచిది.

కాలేజీలో జరిపేది సాయంత్రం నాలుగుకు ముగియాలి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే అమ్మాయిలు అయిదు తర్వాత గడియారం వైపే చూస్తుంటారు. రాత్రి విందుకు పెట్టిన ముఖ్యమైన పరిచయాలన్నీ వాళ్లకు అందకుండా పోతాయి.

డ్రాయింగ్ హాల్లో ఒక పూట

సెమినార్ హాల్ వద్దు. నేలకు బిగించిన కుర్చీల్లో అందరూ వేదిక వైపే చూస్తారు, పక్కవాళ్ల ముఖం కనపడదు. ఇంజినీరింగ్ కాలేజీ అయితే డ్రాయింగ్ హాల్, డిగ్రీ కాలేజీ అయితే లైబ్రరీ రీడింగ్ రూమ్ లేదా క్యాంటీన్. బల్లలు జరుపుకునే వీలుండాలి.

పన్నెండు బల్లలు, ఒక్కోదాని దగ్గర ఇద్దరు సీనియర్లు, ఆరుగురు విద్యార్థులు. ఇరవై నిమిషాలకోసారి గంట కొడితే విద్యార్థులు బల్ల మారతారు, సీనియర్లు కదలరు. మూడు విడతలు. గంటంపావులో 72 మంది పిల్లలు తలా ఆరుగురు సీనియర్లతో మాట్లాడతారు. ఎవరు ఏ బల్లకు వెళ్లాలో పిల్లల ఇష్టానికి వదిలేస్తే అందరూ పెద్ద కంపెనీ బల్ల చుట్టూ మూగుతారు. ముందే వాళ్ల ఆసక్తులు రాయించుకుని, రెండు బల్లలు వాళ్లు కోరినవి, ఒకటి వాళ్లు ఊహించనిది ఇవ్వాలి. మెకానికల్ కుర్రాడు ఫుడ్ ప్రాసెసింగ్ యూనిట్ నడిపే అక్క బల్ల దగ్గర కూర్చోవడం వల్ల అతనికి పోయేదేమీ లేదు.

పిల్లలకు వారం ముందు ఒక గంట తర్ఫీదు ఇవ్వడం అన్నిటికన్నా ముఖ్యమైన ఏర్పాటు. లేకపోతే అందరి నోటా ఒకటే మాట వస్తుంది: ‘సర్, మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చూడండి సర్.’ దానికి ‘తప్పకుండా, రెజ్యూమే పంపు’ అనే మర్యాద జవాబు తప్ప ఇంకోటి రాదు. అడిగిన పిల్లకీ, జవాబిచ్చిన పెద్దకీ మాట అక్కడితో ఆగిపోతుంది. చిప్ డిజైన్ నేర్చుకుంటున్న ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) థర్డియర్ అమ్మాయి, ఆ రంగంలో ఉన్న సీనియర్‌ను ఇలా అడిగిందనుకోండి: ‘అక్కా, నేను వెరిలాగ్‌లో యూఆర్ట్ మాడ్యూల్ రాశాను, టెస్ట్‌బెంచ్ దగ్గర ఆగిపోయాను. మీరు వెరిఫికేషన్‌లోకి వెళ్లేముందు సిస్టమ్ వెరిలాగ్ సొంతంగా నేర్చుకున్నారా, చేరాక కంపెనీలో నేర్పారా?’ ఆ అక్క కుర్చీ ముందుకు జరుపుకుంటుంది. ‘ఎక్కడ ఆగింది? కోడ్ ఫోన్లో ఉందా?’ అంటుంది. ఇరవై నిమిషాల తర్వాత గంట కొట్టినా వాళ్ల మాట పూర్తి కాదు. ‘ఆదివారం పదింటికి కాల్ చెయ్యమ్మా’ అని తనే అంటుంది. ప్రతి విద్యార్థీ ఇలాంటి ప్రశ్న ఒక్కటి కాగితం మీద రాసుకుని, ఎవరైనా లెక్చరర్‌కు చూపించి రావాలి. మాట్లాడేది తెలుగులోనే అని నిర్వాహకులు ముందే ప్రకటించాలి. ఇంగ్లిష్ భయం వల్ల నోరు మూసుకునే పిల్లలు ఎంతమందో తరగతి గది తెలిసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇంటర్వ్యూకు ఇంగ్లిష్ కావాలి, నిజమే. అది ఎలా నేర్చుకోవాలో కూడా తెలుగులో అడగనివ్వండి.

ఇరవై ఏళ్లు పెద్దవాళ్లను పిల్లలు ఎలాగూ సర్, మేడం అంటారు. పదేళ్లలోపు తేడా ఉంటే అన్నా, అక్కా అనమని సీనియర్లే చెప్పేస్తే సరిపోతుంది.

భోజనాల గురించి ఒక మాట. బఫే పెడితే ప్లేటు పట్టుకుని ఎవరి గుంపులోకి వాళ్లు వెళ్లిపోతారు. బంతి భోజనం పెట్టండి. ఆకులేసి, ఒక సీనియర్, ఒక విద్యార్థి, ఒక సీనియర్, ఒక విద్యార్థి అలా వరుసగా పేర్లు రాసిన చీటీలు పెట్టండి. పప్పు వడ్డించి పెరుగు వచ్చేదాకా అరగంట, ఎవరూ లేచి వెళ్లలేరు. పొద్దున బల్ల దగ్గర బిగుసుకుపోయిన పిల్లవాడు గోంగూర గురించి మొదలుపెట్టి, తండ్రి పని గురించి, తర్వాత తన బ్యాక్‌లాగ్ గురించి కూడా చెప్పేస్తాడు. ఇందుకు ఏ ఖర్చూ లేదు, చీటీలు రాసే ఓపిక కావాలి. ఇక జ్యోతి ప్రజ్వలన పది నిమిషాల్లో అయిపోవచ్చు. శాలువాలు, మెమెంటోలు భోజనాల తర్వాత మిత్రుల సమ్మేళనంలో ఎంత వైభవంగా కప్పుకున్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఫైళ్లు, డబ్బు, ఫోన్ నంబర్లు

కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ గుర్తింపు ప్రమాణాల్లో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యం ఒక అంశం. నమోదైన సంఘం ఉందా, అది కాలేజీకి ఏం చేసిందని అడుగుతారు. అందుకని కాలేజీలు ఫొటోలు, హాజరు పట్టీలు, నివేదికలు సిద్ధం చేసుకుంటాయి. అది వాళ్ల అవసరం, చేసుకోనివ్వాలి. ఆ పనికి ఇద్దరిని కేటాయించి, మిగతావాళ్లను దానికి దూరంగా ఉంచితే చాలు. సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయడానికి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీద ఉంటే చందాల లెక్క దగ్గర మాటలు పడాల్సిన పని ఉండదు. విరాళాల అభ్యర్థన ఈ కెరీర్ పూటలో చేయొద్దని నా సలహా. పిల్లలకు సమయం ఇవ్వడానికి వచ్చిన మనిషి చేతిలో రశీదు పుస్తకం పెడితే, మరుసటి ఏడాది ఫోన్ ఎత్తడు.

పూర్వ విద్యార్థుల ఫోన్ నంబర్ల ఎక్సెల్ షీటును గ్రూపుల్లో పడేయడం మానాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా, అనుమతి లేకుండా ఒకరి నంబరు పంచడం తప్పే. ఆ షీటు చేతులు మారి బీమా ఏజెంట్లకు, ప్లాట్లు అమ్మేవాళ్లకు చేరుతుంది. అంతకన్నా ప్రమాదకరమైనవి బ్యాక్‌డోర్ ఉద్యోగాలు. ‘లక్షన్నర కడితే ఆఫర్ లెటర్’ అనేవాళ్లు పూర్వ విద్యార్థి ముసుగులోనే వస్తారు, నమ్మకం తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి. ఉద్యోగం పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్లెవరైనా, ఏ బ్యాచ్ వాళ్లయినా వెంటనే కమిటీకి చెప్పమని పొద్దున్నే మైకులో ఒకసారి, బల్లల మీద కాగితంలో ఒకసారి చెప్పాలి. పొలం తాకట్టు పెట్టి అలా కట్టిన కుటుంబాల బాధ మాటల్లో చెప్పేది కాదు.

మర్నాటి నుంచి

సమావేశానికి ఎంతమంది వచ్చారన్నది నివేదికకు పనికొస్తుంది. పని జరిగిందో లేదో తెలియాలంటే అడగాల్సింది వేరు: ఎంతమంది రెండోసారి మాట్లాడుకున్నారు? అందుకే వెళ్లేముందు ప్రతి సీనియర్ దగ్గరా ఒక చీటీ తీసుకోవాలి. మూడు నెలల్లో మీరు చేయగలిగిన ఒక్క పని రాయండి. రెండు రెజ్యూమేలు చూడటం, ఒక మాక్ ఇంటర్వ్యూ, పదిమందికి ఫ్యాక్టరీ చూపించడం, ఏదైనా సరే. చిన్నదే రాయమనండి. ఉత్సాహంలో ‘ఇరవై మందికి ఉద్యోగాలిప్పిస్తా’ అని రాసినవాళ్లు ఆ బరువుకే తర్వాత దొరకరు.

విద్యార్థులు రెండు రోజుల్లోపు మెసేజ్ పెట్టాలి. ‘థాంక్యూ సర్’ ఒక్కటే కాకుండా, ఏ మాట ఉపయోగపడిందో, దాని మీద ఏం చేయబోతున్నారో రెండు ముక్కలు రాయాలి. నెల తర్వాత చేసిన పని చూపిస్తూ ఇంకో మెసేజ్. జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి ఆగిపోవాలి, వెంటపడకూడదు. ఆ సంగతి కమిటీకి చెబితే వేరే సీనియర్‌తో కలపడం వాళ్ల పని. ఇందుకోసం ఒక లెక్చరరు, ఇద్దరు విద్యార్థులు ఒక రిజిస్టరు పెట్టుకోవాలి: ఎవరికి ఎవరితో పరిచయమైంది, ఏం మాట ఇచ్చారు, ఏమైంది. మూడు నెలలకు ఒకసారి ఆ జాబితా ముందేసుకుని సీనియర్లకు ఫోన్ చేస్తే, మాట ఇచ్చి పనుల్లో మరిచిపోయినవాళ్లకు గుర్తొస్తుంది.

రిజిస్టరు చూసే ఇద్దరు విద్యార్థుల్లో ఒకరు తప్పనిసరిగా సెకండియర్ అయి ఉండాలి. ఫైనలియర్ వాళ్లే చూసుకుంటే ఏప్రిల్, మే నెలల్లో వాళ్లు ప్రాజెక్టు సబ్మిట్ చేసి వెళ్లిపోగానే జాబితాలన్నీ వాళ్ల ల్యాప్‌టాపుల్లోనే ఉండిపోతాయి, కొత్త కమిటీ మళ్లీ మొదటి నుంచి నంబర్లు వెతుక్కుంటుంది. వెళ్లేముందు వాళ్ల చేత ఇంకో పని కూడా చేయించాలి. కాలేజీ మెయిల్ మూతపడుతుంది కాబట్టి సొంత మెయిల్, నంబరు, ఎక్కడ చేరుతున్నారో, ఏ విషయంలో జూనియర్లకు చెప్పగలరో రాసి సంతకం పెట్టాలి. మూడేళ్ల తర్వాత బల్ల దగ్గర అవతలి కుర్చీలో కూర్చోవాల్సింది వాళ్లే.